కీమోకు ముందు పక్షం రోజులు

ఈ ఉపన్యాసం డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ స్మృతికి. ఆయన పేరు వినగానే గుర్తొచ్చేది 1978 అక్టోబరు 3న కోల్‌కతాలో పుట్టిన పాప. దసరా రోజులు కావడంతో దుర్గ అని పిలిచారు. ఇంగ్లండులో ప్రపంచపు తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ లూయీ బ్రౌన్ పుట్టి అప్పటికి 70 రోజులు దాటలేదు. మన దేశపు తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ అన్న మాట దగ్గరే చాలామంది ఆగిపోతారు. ఈ సభకు కావలసింది అంతగా ఎవరూ చెప్పుకోని మరో సంగతి. ఎనిమిది కణాల పిండంగా ఉన్నప్పుడు దుర్గ 53 రోజులు గడ్డకట్టిన స్థితిలో నిలవ ఉంది.

ఇంగ్లండులో లూయీ బ్రౌన్ విషయంలో స్టెప్టో, ఎడ్వర్డ్స్ సహజంగా పండిన ఒకే అండాన్ని తీసి, రెండున్నర రోజులకే పిండాన్ని తల్లి గర్భాశయంలోకి చేర్చారు. ముఖోపాధ్యాయ దారి వేరు. ఇంజెక్షన్లతో ఎక్కువ అండాలు ఎదిగేలా చేసి, పిండాన్ని శీతలీకరించి, మందుల హడావుడి తగ్గిన మరో నెలలో లోపల పెట్టారు. శీతలీకరణలో ఆయనకు కుడిభుజం జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలో ఆహార సాంకేతిక శాస్త్రం చెప్పే సునీత్ ముఖర్జీ. ఆహారం చెడకుండా కాపాడే విద్య తెలిసినవాడు పిండానికి కాపలా కాయడం వింటే ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

తర్వాతి కథలో ముచ్చట లేదు. ఆయన చెప్పింది నిజమో కాదో తేల్చడానికి పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఒక సంఘం వేసింది. దాని అధ్యక్షుడు రేడియో భౌతిక శాస్త్రవేత్త. అదంతా నమ్మశక్యం కాదని సంఘం తేల్చింది. విదేశాలకు వెళ్లి తన పని వివరిస్తానంటే అనుమతి రాలేదు. చివరికి ఆ హార్మోన్ల నిపుణుణ్ణి కంటి వైద్య సంస్థకు బదిలీ చేశారు. 1981 జూన్ 19న ఆయన ప్రాణం తీసుకున్నారు. గడ్డకట్టించిన పిండం నుంచి బిడ్డ పుట్టిందని ప్రపంచం ఒప్పుకున్నది 1984లో, మెల్‌బోర్న్‌లో. 1986లో ముంబయిలో డాక్టర్ ఇందిరా హిందూజా చేతుల మీదుగా పుట్టిన పాప వెనుక ఉన్న శాస్త్రవేత్త టి.సి. ఆనంద్ కుమార్. ముఖోపాధ్యాయ రాసుకున్న కాగితాలు చదివి, మొదటివాణ్ణి నేను కాను, ఆయనే అని 1997లో ప్రకటించింది కూడా ఈ ఆనంద్ కుమారే. సొంత రికార్డును చేజేతులా వదులుకున్నవాళ్లు సైన్సులో ఎంతమంది ఉంటారు!

పిండాన్ని ఆపి ఉంచవచ్చు అన్న ఆ ఆలోచనకు అందరికన్నా ఎక్కువ అవసరం పడింది అప్పట్లో ఎవరూ ఊహించని మనుషులకు. ఇంకా పిల్లలు కలగని, క్యాన్సర్ అని తేలిన దంపతులకు.

“ముందు ప్రాణం దక్కనీ, పిల్లల సంగతి తర్వాత చూసుకుందాం.” క్యాన్సర్ ఆస్పత్రుల వరండాల్లో తరచూ వినిపించే మాట ఇది. అత్తగారు అంటుంది, తండ్రి అంటాడు, ఒక్కోసారి డాక్టరే అంటాడు. ప్రేమతో అనే మాటే. కాని శరీరధర్మం ప్రకారం ఆ వరస తలకిందులు. ఆడపిల్ల పుట్టేటప్పటికే ఆమె అండాశయాల్లో పది లక్షల నుంచి ఇరవై లక్షల దాకా అండాలు ఉంటాయి. ఆ తర్వాత కొత్తవి చేరవు, తరగడమే. రజస్వల అయ్యే వేళకు మూడు నాలుగు లక్షలకు వస్తాయి. రొమ్ము క్యాన్సర్‌కూ లింఫోమాకూ ఏళ్ల తరబడి వాడుతున్న సైక్లోఫాస్ఫమైడ్ లాంటి మందు వేగంగా పెరిగే కణాలతో సరిపెట్టుకోదు, నిద్రలో ఉన్న అండాల డీఎన్‌ఏనూ తెంచుతుంది. పొత్తికడుపుకు రేడియేషన్ ఇస్తే నష్టం ఇంకా పెద్దది. ముప్ఫై ఏళ్ల స్త్రీకి కీమో తర్వాత నెలసరి తిరిగి వచ్చినా నిల్వ మాత్రం నలభై దాటినదానిలా ఉండిపోవచ్చు. “తర్వాత” అనుకున్న రోజు వచ్చేసరికి అక్కడ మిగిలేది కొద్దిగా, లేదా ఏమీ లేదు.

అందుకే కీమో మొదలయ్యే ముందున్న ఆ కొద్ది రోజులకు అంత విలువ. రక్త క్యాన్సర్లలో చాలావాటికి ఆ వ్యవధే దొరకదు, చేరిన వారంలోపే మందు ఎక్కించాలి. రొమ్ము క్యాన్సర్‌లో మాత్రం ఆపరేషన్‌కూ కీమోకూ నడుమ మామూలుగానే కొన్ని వారాలు ఉంటాయి. మన దేశంలో ఈ జబ్బు పాశ్చాత్య దేశాలతో పోలిస్తే దాదాపు పదేళ్లు ముందే పలకరిస్తుంది. కాబట్టి పెళ్లయి రెండు మూడేళ్లయినవాళ్లు, ఒక బిడ్డతో ఆగి రెండో బిడ్డ కోసం చూస్తున్నవాళ్లు, అసలు పెళ్లే కానివాళ్లు ఇక్కడ తక్కువేం కాదు.

మగవాళ్ల విషయం తేలిక. గడ్డకట్టించిన వీర్యంతో తొలి గర్భాలు 1953లో అమెరికాలోని అయోవాలో నిలిచాయి. రెండు మూడు రోజుల్లో రెండు మూడు నమూనాలు ఇస్తే చాలు, మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో ఏళ్ల తరబడి ఉంటాయి. సైకిల్ వీరుడు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్‌కు 1996 అక్టోబరులో వృషణాల క్యాన్సర్ బయటపడింది. అది ఊపిరితిత్తులకూ మెదడుకూ పాకింది. కీమోకు ముందు వీర్యం దాచాడు. 1999లో ఐవీఎఫ్ ద్వారా కొడుకు పుట్టాడు, 2001లో కవల ఆడపిల్లలు. ఇంత సులువైన పని కూడా మన దగ్గర జరగకపోవడానికి కారణం సాంకేతికం కాదు, మొహమాటం. పాతికేళ్ల కుర్రాడి పక్కన కూర్చున్న తండ్రి ముందు ఆ మాట ఎత్తడానికి డాక్టరుకు నోరు రాదు.

ఆడవాళ్లకు పది పన్నెండు రోజుల పని. రోజూ కడుపు మీద హార్మోన్ ఇంజెక్షన్, రెండు మూడు రోజులకొకసారి స్కానింగ్, చివర మత్తు ఇచ్చి సూదితో అండాలు బయటికి తీయడం. ఒకప్పుడు నెలసరి రెండో రోజు దాకా ఆగి మొదలుపెట్టేవారు. దానితో మూడు నాలుగు వారాలు వృథా అయ్యేవి. ఇప్పుడు నెలలో ఏ రోజైనా మొదలుపెట్టవచ్చని తేలింది. ఈ ఇంజెక్షన్లతో ఈస్ట్రోజెన్ పెరిగి గడ్డకు ఎరువవుతుందేమోనన్న భయానికీ జవాబు దొరికింది. లెట్రోజోల్ మాత్రను జతచేస్తే ఆ హార్మోన్ అదుపులో ఉంటుంది. డాక్టర్ కుత్లుక్ ఒక్తాయ్ బృందం ఈ పద్ధతికి దారి వేసింది.

పక్షం రోజులు కూడా లేనివాళ్లకూ, ఇంకా రజస్వల కాని ఆడపిల్లలకూ మరో దారి ఉంది. లాప్రోస్కోపీతో అండాశయపు ముక్క తీసి దాచడం. బెల్జియంలో డాక్టర్ జాక్ డోనే ఒక హాడ్జ్‌కిన్ లింఫోమా రోగి నుంచి 1997లో ఆ ముక్క తీసి గడ్డకట్టించారు. ఆమె కోలుకున్న తర్వాత, 2003లో దాన్ని తిరిగి అతికించారు. 2004 సెప్టెంబరులో ఆమెకు ఆడపిల్ల పుట్టింది. లుకేమియాలో ఇది ప్రమాదం, ఆ ముక్కలోనే జబ్బు కణాలు దాక్కుని ఉండవచ్చు. కీమో జరుగుతున్నంత కాలం అండాశయాలను నిద్రపుచ్చే గోసెరెలిన్ ఇంజెక్షన్ కూడా ఉంది. హార్మోన్ల మీద ఆధారపడని రొమ్ము క్యాన్సర్ ఉన్న స్త్రీల మీద చేసిన పోయెమ్స్ పరిశోధన ఫలితాలు 2015లో వచ్చాయి. ఇంజెక్షన్ తీసుకోనివాళ్లలో 22 శాతం మందికి అండాశయాలు పనిచేయడం మానేస్తే, తీసుకున్నవాళ్లలో 8 శాతం మందికే అలా జరిగింది. మంచిదే, కాని దాచుకోవడానికి ఇది బదులు కాదు. ఇంజెక్షన్ ఒకటి పొడిచి “మీ పిల్లల సంగతి కూడా చూశాం” అనుకోవడం మోసమే.

ఇక దంపతులు. భర్త పక్కనే ఉన్నప్పుడు ల్యాబ్‌లో అందరికీ సహజంగా తోచే పని అండాన్ని అతని వీర్యంతో కలిపి పిండంగా దాచడం. పిండం గట్టిది, చలిని తట్టుకుంటుంది. చాలా ఏళ్లు ఆడవాళ్లకు అది తప్ప వేరే దారి లేదు కూడా. ఆ దారి ఎక్కడికి తీసుకుపోగలదో తెలియాలంటే ఎవాన్స్ వర్సెస్ యునైటెడ్ కింగ్‌డమ్ తీర్పు చదవాలి.

ఇంగ్లండులోని బాత్ పట్టణం. పిల్లల కోసం క్లినిక్‌కు వెళ్లిన జంట. పరీక్షల్లో ఆమె రెండు అండాశయాల్లోనూ క్యాన్సర్‌గా మారబోయే గడ్డలు బయటపడ్డాయి. రెండూ తీసేయాలి. గడ్డలు మెల్లగా పెరిగే రకం కాబట్టి తీసే ముందు అండాలు సేకరించవచ్చన్నారు. ఆ రోజు డాక్టరుతోనూ నర్సుతోనూ మాట్లాడింది అంతా కలిపి దాదాపు గంట. ఆ గంటలోనే ఆమె ఒక ప్రశ్న అడిగింది, అండాలను విడిగా దాచవచ్చా అని. ఈ క్లినిక్‌లో అది చేయం, ఫలితాలు కూడా తక్కువ అని జవాబు. పక్కనున్న అతను, మనమేం విడిపోవడం లేదు, చెడు ఎందుకు తలుస్తావు అన్నట్టు ధైర్యం చెప్పాడు. ఇద్దరూ కాగితాల మీద సంతకాలు చేశారు. ఎవరైనా, ఎప్పుడైనా, పిండాలను వాడేలోపు అంగీకారం వెనక్కి తీసుకోవచ్చని ఆ కాగితంలోనే ఉంది.

2001 నవంబరు 12న పదకొండు అండాలు తీశారు. ఆరు పిండాలు తయారయ్యాయి. రెండు వారాలకు అండాశయాలు తీసేశారు. గర్భాశయం ఉంది కాబట్టి రెండేళ్లు ఆగి పిండం పెట్టుకోవచ్చన్నారు. 2002 మే నెలలో ఇద్దరూ విడిపోయారు. అతను క్లినిక్‌కు ఉత్తరం రాశాడు, పిండాలను నాశనం చేయండని.

ఆమె బ్రిటన్ కోర్టులన్నీ ఎక్కింది. స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం దాకా వెళ్లింది. అక్కడి గ్రాండ్ చాంబర్ 2007 ఏప్రిల్ 10న 13–4 మెజారిటీతో ఆమెకు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. న్యాయమూర్తులు ఆమె బాధను తక్కువ చేయలేదు. తండ్రి కావడానికి ఇష్టపడని మనిషి హక్కు కూడా హక్కేనన్నారు. చట్టం ముందే స్పష్టంగా చెప్పిందన్నారు. తీర్పు తప్పో ఒప్పో వాదించుకోవచ్చు. వాదన అక్కర్లేని సంగతి ఒకటుంది. ఆ రోజు నాలుగైదు అండాలైనా ఆమె పేరు మీద విడిగా దాచి ఉంటే కోర్టుకే పని లేదు.

అప్పట్లో క్లినిక్‌ను నిందించడానికీ లేదు. గడ్డకట్టించిన అండంతో తొలి బిడ్డలు 1986లోనే పుట్టినా, అండంలో నీరెక్కువ. మెల్లగా చల్లబరిస్తే లోపల మంచు పలుకులు ఏర్పడి దాన్ని చీల్చేవి. మంచుకు వ్యవధి ఇవ్వకుండా క్షణాల్లో గాజులా గట్టిపరిచే విట్రిఫికేషన్ వచ్చాకే లెక్క మారింది. 2012లో అమెరికన్ పునరుత్పత్తి వైద్య సంఘం అండాలు దాచడం మీదున్న “ప్రయోగాత్మకం” అనే ముద్ర తీసేసింది. అండాశయపు ముక్కకు ఆ ముద్ర 2019లో తొలగింది. అంటే 2001లో బాత్ పట్టణంలో లేని దారి ఈరోజు హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ ఉంది. ఉన్న దారిని చూపకపోవడమే ఇప్పటి లోపం.

అమెరికా కోర్టులు ఒకే రకం జంటలకు రెండు రకాల జవాబులు ఇచ్చాయి, అదీ 2015 ఒక్క ఏడాదిలోనే. షికాగోలో లింఫోమా వచ్చిన ఒక డాక్టరు, కీమోకు ముందు తన స్నేహితుణ్ణి వీర్యం ఇవ్వమని అడిగింది. ఒప్పుకున్నాడు, పిండాలు తయారయ్యాయి, బంధం తెగింది. ఆమెకు మరో మార్గం లేదంటూ ఇలినాయ్ అప్పీలు కోర్టు పిండాలను ఆమెకే ఇచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో పెళ్లికి కొద్ది రోజుల ముందు రొమ్ము క్యాన్సర్ తేలిన మరో స్త్రీ విషయంలో, విడాకులు తీసుకుంటే పిండాలను తీసేయాలని దంపతులు ఫారం మీద టిక్కు పెట్టి ఉన్నారు. న్యాయమూర్తి ఆ టిక్కునే చట్టంగా తీసుకున్నారు. బయాప్సీ రిపోర్టు చేతిలో పట్టుకుని వణుకుతూ పెట్టిన టిక్కు అది.

మన చట్టం ఏ వైపు ఉంది? 2021 నాటి సహాయక పునరుత్పత్తి సాంకేతిక నియంత్రణ చట్టం 2022 జనవరిలో అమల్లోకి వచ్చింది. దాని 22వ సెక్షన్ ప్రకారం, పిండం గర్భాశయంలోకి చేరేలోపు దంపతుల్లో ఎవరైనా అంగీకారం ఉపసంహరించుకోవచ్చు. అంటే ఎవాన్స్ నియమమే ఇక్కడా ఉంది. ఒకరు చనిపోతే, మతి తప్పితే దాచినదాన్ని ఏం చేయాలో ముందే రాతపూర్వకంగా తీసుకోవాలని కూడా అదే సెక్షన్ చెబుతుంది. మంచి నిబంధన. కాని మరణం గురించిన ఆ ప్రశ్నను భార్యకు కీమో మొదలుకాబోతున్న ఇంట్లో ఎవరు చదివి వినిపించాలి? జరిగేది ఏమిటంటే, కౌంటర్ దగ్గర పది పేజీల ఫారం ఇస్తారు, పెన్సిల్‌తో గుర్తు పెట్టిన చోట సంతకం పెట్టమంటారు, పెట్టేస్తారు.

అడగకుండా వదిలేసిన ఆ ప్రశ్న ఎంత దూరం పోతుందో ఢిల్లీ హైకోర్టు 2024 అక్టోబరు తీర్పులో కనిపిస్తుంది. ముప్ఫై ఏళ్ల అవివాహితుడు, నాన్‌హాడ్జ్‌కిన్ లింఫోమా. 2020 జూన్‌లో కీమోకు ముందు వీర్యం దాచాడు, సెప్టెంబరు 1న చనిపోయాడు. తల్లిదండ్రులు ఆ నమూనా తమకివ్వమంటే ఆస్పత్రి ఇవ్వలేదు, చట్టంలో దారి లేదంది. నాలుగేళ్ల తర్వాత జస్టిస్ ప్రతిభా ఎం. సింగ్, దాచినవాడి సమ్మతి కనబడుతున్నప్పుడు ఇవ్వకూడదనే నిషేధం ఏదీ లేదంటూ ఇవ్వమని ఆదేశించారు. దీనిమీద అభిప్రాయ భేదాలు ఉండవచ్చు. తాత నాయనమ్మలు పెంచే ఆ బిడ్డ ఎవరి కోరిక అన్న ప్రశ్న తీర్పుతో తీరిపోదు. ఆ కుర్రాణ్ణే జూన్‌లో నెమ్మదిగా కూర్చోబెట్టి అడిగి రాసుకుని ఉంటే జవాబు అతనిదే అయ్యుండేది.

గడువు దగ్గర మన చట్టం మరీ బిగుసుకుంది. పిండాన్ని పదేళ్లకు మించి నిలవ ఉంచకూడదంటుంది. బ్రిటన్‌లోనూ ఇలాంటి పదేళ్ల పరిమితే ఉండేది. 2022 జులై నుంచి పదేళ్లకొకసారి అంగీకారం కొత్తగా ఇస్తూ 55 ఏళ్ల దాకా ఉంచుకోనిస్తున్నారు. హార్మోన్ రకం రొమ్ము క్యాన్సర్‌లో హార్మోన్‌ను అడ్డుకునే మాత్రలే ఐదేళ్ల నుంచి పదేళ్లు వాడాలి. మాత్రలు ముగిసే రోజూ పిండానికి గడువు తీరే రోజూ ఒకటైతే ఆ దంపతులు ఏం చేయాలి? చట్టం రాసినవాళ్ల కళ్లముందు పిల్లలు పుట్టని జంటలు, వ్యాపారం చేసే క్లినిక్‌లు ఉన్నాయి. కీమో కుర్చీలో కూర్చున్నవాళ్లు లేరు. స్త్రీ జననేంద్రియాల క్యాన్సర్ల వల్ల గర్భసంచి తీసేసినవాళ్లను మాత్రం 2022 నాటి సరోగసీ నిబంధనలు పేరుపెట్టి గుర్తించాయి. మరొకరి గర్భంలో బిడ్డను మోయించుకోవచ్చని అనుమతించాయి.

మాత్రల సంగతిలో వైద్యమే ఒక మెట్టు దిగివచ్చింది. బిడ్డ కోసం మాత్రలు ఆపితే జబ్బు తిరగబెడుతుందని, గర్భం వస్తే గడ్డ మళ్లీ లేస్తుందని మన ఇళ్లలోనే కాదు, వైద్య కళాశాలల్లో కూడా నమ్మేవారు. డాక్టర్ ఆన్ పార్ట్రిడ్జ్ నాయకత్వంలో జరిగిన పాజిటివ్ అధ్యయనం ఆ భయాన్ని నేరుగా పరీక్షించింది. 42 ఏళ్లలోపు స్త్రీలు, ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్లు మాత్రలు వాడాక, రెండేళ్ల దాకా విరామం తీసుకుని బిడ్డ కోసం ప్రయత్నించారు. 2023లో ఫలితాలు వచ్చాయి. మూడేళ్లలో జబ్బు తిరగబెట్టడం వగైరా 8.9 శాతం మందిలో, విరామం తీసుకోని పోలిక బృందంలో 9.2 శాతం మందిలో. గర్భం విషయంలో గమనించిన 497 మందిలో 317 మంది సజీవంగా బిడ్డను కన్నారు. మూడేళ్ల లెక్క చివరి మాట కాదు, ఈ రకం క్యాన్సర్ పదిహేనేళ్లకు కూడా తిరిగి రాగలదు. అయినా “నీకిక పిల్లల ఊసే వద్దు” అని కోడలికి చెప్పేసే పెద్దమనుషులకు ఇకపై సైన్సు అండ లేదు.

డబ్బు మాటకు వస్తే కథ పొట్టిది, కటువుది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ లక్షల ఇళ్లను క్యాన్సర్ అప్పుల నుంచి కాపాడింది. ఆపరేషన్‌కు, కీమోకు, రేడియేషన్‌కు డబ్బిస్తుంది. ఆ కీమో వల్ల పోయే సంతాన శక్తిని కాపాడుకోవడానికి పైసా ఇవ్వదు. ఆయుష్మాన్ భారత్ సంతాన చికిత్సను మినహాయింపుల్లోనే రాసింది. అండాలు దాచడానికి మామూలుగా లక్ష రూపాయలు దాటుతుంది, ఏటా నిలవ రుసుము వేరే. కీమోతో జుట్టు ఊడుతుంది, వాంతులవుతాయి, తెల్ల కణాలు పడిపోతాయి. వాంతులకు మందు, తెల్ల కణాలకు ఇంజెక్షన్ చికిత్సలో భాగమే అంటారు. అండాలు పోవడం దగ్గరకు వచ్చేసరికి అది “వేరే విషయం” అయిపోతుంది. అమెరికాలో కనెటికట్, రోడ్ ఐలండ్ రాష్ట్రాలు 2017లోనే ఈ ఖర్చు బీమా కంపెనీలే భరించాలని చట్టం చేశాయి. మన దగ్గర ఆ వాదన ఇంకా మొదలే కాలేదు.

మొదలుపెట్టడానికి హైదరాబాద్ అనువైన ఊరు. ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి రెడ్‌హిల్స్‌లో ఉంది. భార్య క్యాన్సర్‌తో పోయాక ఎన్.టి. రామారావు సంకల్పించిన బసవతారకం ఆస్పత్రి 2000 నుంచి బంజారాహిల్స్‌లో నడుస్తోంది. సికింద్రాబాద్ గాంధీ ఆస్పత్రిలో 2023లో ప్రభుత్వ ఐవీఎఫ్ కేంద్రం తెరిచారు. ఊరు ఒకటే. క్యాన్సర్ డాక్టరు రాసే ఒక్క పేజీ ఉత్తరంతో సంతాన కేంద్రంలో ఆ వారమే మంచం చూపించగలిగితే పక్షం రోజుల పని పక్షం రోజుల్లో అవుతుంది.

ఆ ఉత్తరంలో ఉండవలసినవి కొన్నే. జబ్బు పేరు, ఏ దశ. వేయబోయే మందులు, అవి అండాశయాలకు ఎంత హాని. కీమో మొదలుపెట్టాల్సిన తేదీ, ఎన్ని రోజులు ఆగవచ్చు. అండాలా, పిండాలా, రెండూనా అన్నది భర్త, అత్తమామలు గది బయట ఉన్నప్పుడు ఆమెను ఒంటరిగా అడిగారా లేదా. పెళ్లయిందా లేదా అన్న గడి అక్కర్లేదు. కింద ఫోను నంబరు రాసేటప్పుడు భర్తదో తండ్రిదో కాక, ఆమె సొంత నంబరు రాయాలి.